వాళ్లు కుడిభుజాలు, మేము చెంచాలు

మా ఇంట్లో చెంచా ఉండేది కాదు. గరిటె ఉండేది, అదీ ఒక్కటే. కొబ్బరి చిప్పకి రెండు చిల్లులు పెట్టి, వెదురు పుల్ల దూర్చి మా అయ్య చేసిన అబక. అంబలి కలపడానికి అదే, గంజి తోడుకోడానికి అదే, ఉన్నరోజున చేపల పులుసు వేసుకోడానికీ అదే. చిప్ప పగిలితే ఇంకో చిప్ప దొరికేదాకా సత్తు గ్లాసుతో తోడుకునేవాళ్ళం.

అందుకని చెంచా అన్న మాట నాకు వస్తువుగా రాలేదు, తిట్టుగా వచ్చింది. వస్తువుని తర్వాతెప్పుడో చూశాను. ఉన్నవాళ్ల ఇళ్లలో పిల్లలకి ఇది తలకిందులుగా జరుగుతుంది. వాళ్లు ముందు చెంచాతో ఉగ్గు తింటారు. పెద్దయ్యాక ఆ మాటని తిట్టుగా వాడటం నేర్చుకుంటారు. ఎవరిమీద వాడతారన్నదే నా గొడవ.

ముందు మాటల సంగతి చూద్దాం. తెలుగులో ఈ పనిముట్ల పేర్లకేం కరువు లేదు. అన్నం పెట్టే హస్తం, పులుసు గరిటె, నేతి గరిటె, చిల్లుల గరిటె, అట్లకాడ, తెడ్డు. తెలంగాణలో, సీమలో గంటె అంటారు. మా పాత విశాఖ జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే లక్కపిడతల్లో పిల్లలు ఆడుకునే బుల్లి గరిటె కూడా ఉంటుంది. చెంచా హిందుస్తానీ వాళ్ల చమ్‌చా దారిన వచ్చింది. స్పూను ఇంగ్లీషు దొరతో దిగింది. పూజగదిలో ఉండేదానికి మాత్రం సంస్కృతం పేరు కావాలి గనక ఉద్ధరిణి. యజ్ఞంలో నెయ్యి పోసే కర్ర గరిటె స్రువం. చూడండి, వీటన్నిటి పనీ ఒకటే, ఒక చోట తీసి ఇంకో చోట పొయ్యడం. అగ్నిలో పోస్తే స్రువం. భక్తుడి చేతిలో పోస్తే ఉద్ధరిణి. ఆకులో వేస్తే గరిటె. మనిషిని అంటే చెంచా. గిన్నెల బుట్టలోకి కూడా వర్ణ వ్యవస్థ దూరిపోయింది.

గరిటె ఎందుకు పుట్టిందయ్యా అంటే చెయ్యి కాలకుండా అని సైన్సు మేష్టారు చెప్తాడు. లోహం వేడిని మోస్తుంది, కర్ర మొయ్యదు, అందుకే కాడ చివర కర్ర పిడి. నిజమే. కానీ మా మామ్మ చెప్పిన గరిటె వేరు. మావాళ్లు మద్దిలపాలెం రాకముందు విజయనగరం అవతల ఒక పల్లెలో ఉండేవారు. మామ్మ భూస్వామి కళ్ళంలో కూలికెళ్ళేది. మధ్యాన్నం పశువుల సాల దగ్గిర కూలోళ్లకి అంబలి పోసేవారు. ఆ ఇంటి ఇల్లాలు అరుగు మీద నిలబడేది, వీళ్లు కింద కూచునేవారు. మామ్మ మాటల్లోనే చెప్తాను: "ఆ ఇత్తడి గరిటి కాడ మూరెడుండీది బాబూ. నా తాటాకు దొప్పకీ దానికీ మద్దిని ఇంకో మూరెడు. పైనుంచి పోసీవోరు. సగం దొప్పలో పడీది, సగం నా సేతుల మీద పడీది. కాల్తే కాల్నాది. గరిటి నా దొప్పకి తగిల్తే దానికి మైలంట కదా."

చెయ్యి కాలకుండా పుట్టిన పనిముట్టుతో మా మామ్మ చేతులు కాల్చారు. గరిటె కాడ పొడుగంటే వాళ్లకీ మాకూ మధ్య ఉండాల్సిన దూరం. ఊరికీ మాలపేటకీ మధ్య ఉన్న దూరాన్నే చేతిలో పట్టుకునేలా పొట్టిగా చేసి కాడ బిగించారు. అంబేద్కర్ తన చిన్ననాటి సంగతులు రాసుకుంటూ బళ్ళో దాహమేస్తే ప్యూను వచ్చి పైనుంచి నీళ్లు పొయ్యాలనీ, ప్యూను రాని రోజున నీళ్లే లేవనీ చెప్పాడు. అక్కడ గరిటె లేదు, ప్యూనే గరిటె. గుడిలో తీర్థం సంగతీ అంతే. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక గుడికెళ్తే, ముందున్నాయనకి ఉద్ధరిణి అరచేతికి ఆన్చి పోసిన పూజారి, నన్ను పేటవాణ్ణని గుర్తుపట్టి, జానెడు ఎత్తు నుంచి జారవిడిచాడు. నీళ్లు అవే, తులసి అదే. ఎత్తు మారింది. చట్టంలో ఈ జానెడు ఎత్తుకి సెక్షను రాయడం ఎవరి తరం?

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూచున్నా ఒకటే అని మన తెలుగువాళ్ల సామెత. ఎంత గొప్పగా చెప్పుకుంటారో దీన్ని! పంచే చోట న్యాయం ఉండదని, గరిటె పట్టినవాడు తనవాళ్లకే అడుగు నుంచి తీసి వేస్తాడని ఈ జాతి సామెతగా ఒప్పేసుకుంది. ఒప్పేసుకుని, ప్రతిభ గురించి ఉపన్యాసాలిస్తుంది. 1990లో మండల్ మీద రోడ్డెక్కినోళ్లకి ఈ సామెత తెలీదా? తెలుసు. ఆ పెళ్ళి భోజనాల్లో మాకు కడబంతి కూడా లేదు. బంతులన్నీ లేచాక విస్తరాకులు ఎత్తే చోట మేమున్నాం.

మా అయ్య పోర్టులో మాంగనీసు రాయి తట్టల్తో మోసేవాడు. మద్దిలపాలెంలో గెడ్డ పక్కన గుడిసె వేసుకున్నాం. పక్కనే యూనివర్సిటీ, 1926లో పుట్టిన పెద్ద చదువుల తల్లి. మాయమ్మ ఆ చుట్టుపక్కల చదువుకున్నోళ్ల ఇళ్లల్లో గిన్నెలు తోమేది. మా ఇంట్లో చెంచా లేదు గానీ మాయమ్మ రోజుకి యాభై చెంచాలు తోమేది. ఒక ఇంట్లో అమ్మగారు తోమిన సామాన్లు లోపలికి తీసుకునేటప్పుడు పళ్ళేలు లెక్కపెట్టేది కాదు, గిన్నెలు లెక్కపెట్టేది కాదు. చెంచాలు మాత్రం లెక్కపెట్టేది. చిన్న వస్తువు, కొంగులో ముడేసుకుపోతారని. ఒకరోజు డజన్లో ఒకటి తగ్గింది. ఆ సాయంత్రం మాయమ్మ చీర కుచ్చిళ్లు దులిపించారు. రెండ్రోజుల తర్వాత పుట్టినరోజు కేకు పెట్టె కింద దొరికిందట. దొరికిందని చెప్పారు గానీ ఇంకోమాట చెప్పలేదు. మాయమ్మ మర్నాటి నుంచి ఒక పని చేసింది. తోమిన చెంచాలన్నీ గడప మీద వరసగా పరిచి, "లెక్కెట్టుకోండమ్మా, నెక్కెట్టీనాకే నానెల్తాను" అని నిలబడేది. వాళ్లకి వంట ఆలస్యమైపోతున్నా సరే, లెక్క అయ్యేదాకా కదిలేది కాదు. నెల తిరక్కుండా లెక్క మానేశారు.

బళ్ళో ఆగస్టు పదిహేనుకి ఆడపిల్లలకి నిమ్మకాయ పందెం పెట్టేవారు. చెంచా నోట్లో కరిచి, అందులో నిమ్మకాయ పెట్టుకుని పడకుండా నడవాలి. చెంచా ఇంటి నుంచి తెచ్చుకోవాలి. మా అప్ప బాగా నడిచేది. నెత్తిమీద రెండు బిందెలు పెట్టుకుని గెడ్డ గట్టున నడిచే పిల్లకి నిమ్మకాయ ఒక లెక్కా? కానీ చెంచా ఏదీ? నోట్లో పెట్టుకునే వస్తువు, మాలపిల్లకి ఎవరిస్తారు? అప్ప గీత అవతల నిలబడి చప్పట్లు కొట్టింది. స్వాతంత్ర్య దినోత్సవం మరి.

ఇంకోటి గుర్తొచ్చింది. గెడ్డ పొంగి పేటంతా వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు ఆరోగ్య కార్యకర్త వచ్చి లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి పట్టమని చెప్పింది. మంచి మాటే, దాంతో ప్రాణాలు నిలుస్తాయి. మా వీధి వీధంతా వెతికితే రెండు చెంచాలు దొరికాయి, రెండూ రెండు సైజులు. చివరికి ఆవిడే తెలివిగా గుప్పెడు పంచదార, మూడువేళ్ల చిటికెడు ఉప్పు అని మార్చి చెప్పింది. మనుషుల చేతులే కొలత అయ్యాయి. సర్కారు కరపత్రాలు రాసేవాళ్ల ఇళ్లల్లో చెంచాలుంటాయి గనక దేశమంతా ఉంటాయనుకుంటారు.

తర్వాత సోషల్ వెల్ఫేర్ హాస్టలు. ఆ చదువు చదివినవాళ్లకి నేను గరిటె గురించి కొత్తగా చెప్పేదేం లేదు. సాంబారు గుండిగలో గరిటె పైపైన ముంచితే నీళ్లు, అడుక్కి దించితే పప్పు. కుర్రాళ్లమంతా వరసలో నిలబడి వంటాయన మణికట్టు వైపు చూసేవాళ్లం. ఎంత లోతుకి దిగుతుంది? వార్డెను కూతురి పెళ్ళికి కుర్చీలు మోసినవాడికి, వార్డెను బట్టలు ఇస్త్రీకి పట్టుకెళ్లినవాడికి గరిటె ఒక బెత్తెడు ఎక్కువ దిగేది. వాణ్ణి మేము చెంచా అనేవాళ్లం కాదు, ఆ మాట మాకింకా రాలేదు. వాడి ఆకలి మాకు తెలుసు. అడగాల్సింది ఏమిటంటే, వందమంది పిల్లల గుండిగలో అడుగున అంత తక్కువ పప్పు ఎందుకుంది? మిగిలిన పప్పు ఏ ఇంటికి పోయింది?

యూనివర్సిటీ కొచ్చాక చెంచా అనే తిట్టు పూర్తిగా వంటబట్టించుకున్న మనుషుల్ని చూశాను. మద్దిలపాలెం టీ కొట్ల దగ్గిర అర్ధరాత్రి దాకా చర్చలు. 1985లో కారంచేడు జరిగింది. మంచినీళ్ల చెరువు దగ్గిర బిందె ఎత్తి ఎదురు తిరిగినందుకు ఆ మర్నాడు మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికి గోనెసంచుల్లో కట్టి కాలవలో పడేశారు. మావాళ్లలో ఒక కొత్త గొంతు లేచింది. ఆ గొంతులోంచే చెంచా అన్న మాట తరచుగా వినపడేది. ఫలానా ఎమ్మెల్యే చెంచా, ఫలానా మంత్రి చెంచా, ఫలానా ప్రొఫెసరు చెంచా. పేరేదైనా ఇంటిపేరు మాత్రం మా పేటల్లోదే.

ఈ మాటకి రాజకీయంలో ఒక గౌరవమైన పుట్టుక ఉంది. దాన్ని ముందు చెప్పాలి. 1932 ఆగస్టులో బ్రిటిషు ప్రభుత్వం అంటరానివాళ్లకి విడిగా ఓటేసుకునే నియోజకవర్గాలు ఇస్తామంది. గాంధీ ఎరవాడ జైల్లో నిరాహారదీక్షకి కూచున్నాడు. సెప్టెంబరు 24న అంబేద్కర్ చేత పూనా ఒప్పందం మీద సంతకం పెట్టించారు. విడి నియోజకవర్గాలు పోయి 148 రిజర్వుడు సీట్లు వచ్చాయి, కానీ ఓట్లు అందరివీ. అంటే మా మనిషి గెలవాలంటే మావాళ్లకి నచ్చితే చాలదు, ఊళ్లో వాళ్లకి నచ్చాలి. సరిగ్గా యాభై ఏళ్లకి, 1982 సెప్టెంబరు 24న, కాన్షీరాం ఇంగ్లీషులో ఒక పుస్తకం తెచ్చాడు, దాని పేరే చెంచాల యుగం. తనంతట తాను కదల్లేనిది, ఇంకొకడు కదిపితే కదిలేది చెంచా అన్నాడు. నిజంగా పోట్లాడేవాడు పుట్టిన చోటే చెంచాకి గిరాకీ పుడుతుందనీ అన్నాడు. ఆయన గురి చెంచాని తయారుచేసే కార్ఖానా మీద ఉంది. ఉమ్మడి నియోజకవర్గం ఆ కార్ఖానా.

తెలుగు దేశానికొచ్చేసరికి కార్ఖానా ఎగిరిపోయింది. తిట్టు ఒక్కటీ మిగిలింది.

మీ ఊళ్లో రాజకీయ నాయకుల వెనక తిరిగేవాళ్లని ఒకసారి లెక్కెయ్యండి. పెద్దకులం నాయకుడి వెనక పెద్దకులం వాడే తిరిగితే పేపర్లో ఏమని రాస్తారు? కుడిభుజం. ముఖ్య అనుచరుడు. విధేయుడు. ఆయన నాయకుడి కారు తలుపు తీస్తాడు, చెప్పులు సర్దుతాడు, ఎన్నికల్లో డబ్బు సంచులు మోస్తాడు, అయినా కుడిభుజమే. బీసీ వాడు తిరిగితే నమ్మినబంటు. మాలో మాదిగో రెల్లో తిరిగితే చెంచా. పని ఒకటే, ముగ్గురికీ మూడు పేర్లు. ఆలోచించండి: కుడిభుజం ఒంట్లో భాగం. నరికితే నాయకుడికి నొప్పి, రక్తం. బంటు కనీసం మనిషి. చెంచా వస్తువు. వాడుకుని కడిగి తిరగేసి బోర్లిస్తారు, వంకర పోతే పాత సామాన్లవాడికి వేస్తారు. మమ్మల్ని మనుషుల్లోంచి తీసేసి వస్తువుల్లో కలపడం మనువుతోనే అయిపోలేదు. అభ్యుదయం మాట్లాడే నోళ్లలోంచి కూడా అదే పని నడుస్తోంది. మావాళ్ల నోళ్లలోంచి కూడా. కొరడా పెద్దకులానిదైతే కొట్టేది మన చెయ్యే అయిపోయింది.

మా పేటలో ఒక పెద్దాయన ఉండేవాడు. నాకు వరసకి మావ. పొద్దున్నే స్నానం చేసి తెల్ల చొక్కా వేసుకుని ఒక నాయకుడి ఇంటి వరండాలో నిలబడేవాడు. లోపలికి పిలిచేదాకా నిలబడేవాడు, కుర్చీ ఉన్నా కూచునేవాడు కాదు. నాయకుడు ఎక్కడికెళ్తే అక్కడికి దండ పట్టుకెళ్ళేవాడు. టీ కొట్టు దగ్గిర మా విప్లవ మిత్రులు ఆయన సైకిలు మీద వెళ్తుంటే గట్టిగా "చెంచా, చెంచా" అనేవారు. ఆయన విననట్టు పోయేవాడు. ఆ వరండాలో పదకొండేళ్లు నిలబడితే మా వీధికి ఒక కుళాయి, నాలుగు కరెంటు స్తంభాలు, కొన్ని ఇళ్లకి పట్టా కాగితాలు వచ్చాయి. అన్నవాళ్లలో ఎక్కువమంది ఇళ్లల్లో వాళ్ల తాతల నాడే నుయ్యి ఉంది. వాళ్లకి వరండాలో నిలబడాల్సిన అవసరం పుట్టుకతో లేదు. కుళాయి కోసం ఒక మనిషి పదకొండేళ్లు నిలబడాల్సి వచ్చిన ఏర్పాటుని తిట్టాలంటే ఆ నాయకుడి పేరెత్తాలి, మున్సిపల్ కార్పొరేషను పేరెత్తాలి. సైకిలు మీద పోయే ముసలాణ్ణి తిట్టడం తేలిక.

ఒకసారి నేనే అడిగాను, "మావా, ఆళ్లలా అంటంటే నీకేటీ అనిపించదా?" అని. "అనిపించదేటిరా. అనిపించినాది గనకే ఇంకో స్తంభం అడిగినాను" అన్నాడు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే అమ్ముడుపోయిన వాళ్లందరికీ నేను వకాల్తా పుచ్చుకున్నానంటారు. అమ్ముడుపోయేవాళ్లున్నారు. అత్యాచార నిరోధక చట్టం 1989లో వచ్చింది. అప్పట్నుంచీ కేసు పెట్టిన ప్రతి పేటకీ రాత్రిపూట ఒక మనిషి వస్తాడు, చాలాసార్లు మావాడే. సాక్షి చేతిలో డబ్బు పెడతాడు, రాజీ కాగితం మీద వేలిముద్ర వేయిస్తాడు. వాణ్ణి వదలమని నేనట్లేదు. వాడు చేసిన పనికి పేరుంది, సాక్షుల్ని కొనడం, బెదిరించడం. ఆ పేరుతోనే పిలవండి, కేసు పెట్టండి. డబ్బు ఎవడి పెట్టెలోంచి వచ్చిందో వాడి పేరు ముందు రాయండి. చెంచా అని తిట్టి ఊరుకోవడమంటే రెండో ముద్దాయి పేరు రాసి మొదటి ముద్దాయి చోటు ఖాళీగా వదిలెయ్యడం. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ మధ్య కాలంలో నేను విన్న సభల్లో మా చెంచాలు ఎవరెవరో చెప్పడానికి పట్టిన గంటలెన్ని, ఆ వదిలేసిన చేతుల గురించి మాట్లాడిన గంటలెన్ని? మీరూ ఆ సభల్లో ఉన్నారు, మీరే చెప్పండి.

1994 ఎన్నికల్లో కాన్షీరాం పార్టీ ఆంధ్రలో చాలా చోట్ల నిలబడింది. ఒక్క సీటూ రాలేదు. ఆ మర్నాటి నుంచి ఓడినవాళ్లు ఒకర్నొకరు చెంచాలనుకోవడం మొదలుపెట్టారు. మాలలు మాదిగల్ని, మాదిగలు మాలల్ని. రెల్లివాళ్లని అయితే తిట్టడానికి కూడా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఈ సిటీ రోడ్లన్నీ ఊడ్చింది వాళ్లు. పాయకరావుపేట తప్పితే పాత విశాఖ జిల్లాలో మాకు రిజర్వుడు సీటే లేదు, సిటీలో అసలే లేదు. లేని గుండిగ చుట్టూ గరిటెల కొట్లాట.

గరిటెల గురించి రాస్తూ మా ఊరి అతిపెద్ద గరిటెని మర్చిపోకూడదు. విశాఖ ఉక్కు కోసం 1966 నవంబరు 1న ఇక్కడ కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1971లో శంకుస్థాపన, 1992 ఆగస్టు 1న జాతికి అంకితం. అరవైకి పైగా ఊళ్ల భూములు పోయాయి. ఇంతా చేస్తే ఆ ఉక్కుతో చెంచా రాదు. అక్కడ తయారయ్యేవి ఇంటి కమ్మీలు, తీగ చుట్టలు, యాంగిళ్లు. చెంచాలకి కావలసిన తుప్పు పట్టని స్టీలు సేలంలాంటి చోట్ల తయారవుతుంది. కానీ ఇక్కడ లేడిలు ఉంది. లేడిలంటే ఇంగ్లీషులో గరిటే. నూరు టన్నుల పైచిలుకు కరిగిన ఉక్కు పట్టే గరిటె, పదహారు వందల డిగ్రీల వేడి, క్రేను పట్టుకుని లేపుతుంది. అది చల్లారాక లోపల దిగి కాలిపోయిన అగ్గి ఇటుకలు పగలగొట్టి కొత్తవి పేర్చాలి. మా చినాన్న కొడుకు ఒక కాంట్రాక్టరు కింద ఆ పని చేసేవాడు. "గరిటిలో దిగీసి గరిటి తోమడవే నా ఉద్దోగం" అనేవాడు. మామ్మ దొప్ప మీద గరిటె తగలకూడదు, మనవడు మాత్రం గరిటె లోపలికే దిగాలి! అయినా అందులో పర్మనెంటు ఉద్యోగాల్లో మాకు రోస్టరు ఉంది. పేటల నుంచి క్వార్టర్లకి వెళ్లిన మొదటి తరం అక్కడిదే. 2021 జనవరిలో మొత్తం వాటా అమ్మేస్తామని కేంద్రం నిర్ణయించినప్పుడు అందరూ ఆంధ్రుల హక్కు పోతోందన్నారు. ప్రైవేటు యజమానికి రోస్టరు ఉండదన్న సంగతి ఎన్ని ఊరేగింపుల్లో నినాదమైంది?

ఈమధ్య ఇంకో ముచ్చట మొదలైంది. చెంచాతో తినడం పాశ్చాత్యం, చేత్తో తినడం మన సంస్కృతి, ఐదు వేళ్లూ పంచభూతాలు అని ప్రవచనాలు. తినండి నాయనా, మేమెప్పుడూ చేత్తోనే తిన్నాం. ఎవరి చేత్తో వండింది తింటారో అది చెప్పండి.

ఆ ప్రశ్నకి జవాబు బడి మధ్యాహ్న భోజనంలో దొరుకుతుంది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన భోజనం పెట్టమంది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. 2004 ఏప్రిల్లో అదే కోర్టు వంటవాళ్లుగా దళితులకీ ఆదివాసులకీ ముందు అవకాశం ఇవ్వమని చెప్పింది. నాకు తెలిసి ఈ దేశంలో గరిటె ఎవరి చేతిలో ఉండాలో కోర్టు చెప్పడం అదే మొదలు. సీట్లూ ఉద్యోగాలూ ఇచ్చినా గొణుక్కుని ఊరుకున్నవాళ్లు ఇక్కడ కదిలారు. చాలా రాష్ట్రాల్లో దళిత ఆడది వండిందని పిల్లల్ని బడి మాన్పించారు, ఇంటి నుంచి క్యారేజీలు పంపారు. ఉద్యోగం ఇస్తే మేము వాళ్ల పక్కన కూచుంటాం. గరిటె ఇస్తే వాళ్ల పిల్లల కడుపులోకి వెళ్తాం. తేడా వాళ్లకి బాగా తెలుసు.

మా చిన్నమ్మ డ్వాక్రా సంఘం తరఫున ఒక బళ్ళో వండేది. పొయ్యీ కట్టెలూ తనవే, గుండిగ తనదే, గరిటె పూర్ణా మార్కెట్లో తన డబ్బుతో కొన్నదే. బిల్లు నెలల తరబడి వచ్చేది కాదు. మొదటి నెలలోనే కొందరు తల్లిదండ్రులు హెడ్మాస్టరు దగ్గిరకొచ్చారు. బడి మాన్పిస్తామని అనలేదు, చదువుకున్నవాళ్లు కదా. ఆయన చాలా మర్యాదగా చిన్నమ్మని పిలిచి, "వండటం నువ్వే వండమ్మా, వడ్డించడం మాత్రం ఆవిడ చేత చేయిద్దాం, నీకూ శ్రమ తగ్గుతుంది" అని ఇంకో కులం ఆయాని చూపించాడు. చిన్నమ్మ అంది: "నాను వండిన అన్నం తింతారు. నా సేత్తో ఎడితే తినరు. ఇదే రకం మడండీ బాబూ? వడ్డించకపోతే వండను." గుండిగ దగ్గిర్నుంచి కదల్లేదు. బెల్లు కొట్టారు. పిల్లలకి ఆకలేస్తోంది, వచ్చి వరసలో నిలబడ్డారు. వడ్డించింది. అడుగు నుంచి కలిపి అందరికీ ఒకే రకంగా వేసేది, అది నేను చూశాను. ఆరుగురు పిల్లలు క్యారేజీలు తెచ్చుకున్నారు. సంక్రాంతి సెలవులయ్యేసరికి ఆ ఆరుగురిలో నలుగురు వరసలోకి వచ్చీసారు.

కొన్నేళ్లకి సిటీలో బళ్ళకి భోజనం ఒక ధార్మిక సంస్థ పెద్ద వంటశాల నుంచి వ్యాన్లలో రావడం మొదలైంది. ఆవిరి బాయిలర్లు, శుభ్రం, ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. పత్రికలు పొగిడాయి. కోర్టు మా ఆడవాళ్ల చేతికిచ్చిన గరిటె పోయిందని ఒక్క పత్రికా రాయలేదు. ఎవర్నీ కులం పేరుతో తియ్యలేదు మరి, పరిశుభ్రత పేరుతో తీశారు. 2019లో రాష్ట్రంలో వంటవాళ్ల గౌరవ వేతనం వెయ్యి నుంచి మూడు వేలు చేశారు. దానికి గౌరవ వేతనమని పేరు, జీతం కాదు. మా చిన్నమ్మ అప్పటికే ఆ పనిలో లేదు. రావలసిన బిల్లు రెండు నెలలది అలాగే ఉండిపోయింది. గరిటె, గుండిగ ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చీసుకుంది. తర్వాత మద్దిలపాలెం బస్సు డిపో దగ్గిర ఇడ్లీ బండి పెట్టింది, ఆ గరిటెతోనే సాంబారు పోస్తుంది. పొద్దున్నే కండక్టర్లు, కోచింగు పిల్లలు నిలబడి తింటారు. కొత్తగా వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు, రెండో గరిటె సాంబారు వేయించుకుంటూ, "అమ్మా, మీ ఇంటిపేరేమిటి?" అని అడుగుతుంటారు.